కోదాడలో కొన్న కుంకుమ పొట్లం

నాకు ప్రయాణాలు పెద్దగా తెలియవు. పెళ్లయి మూడేళ్లయింది. నేరేడుచర్ల నుంచి మిర్యాలగూడకు బట్టలకో దవాఖానకో వెళ్లడం, ఏడాదికి రెండుసార్లు కోదాడలో మా అక్క ఇంటికి వెళ్లడం, అంతే. అలాంటి నేను మొన్న వేసవిలో ఒక్క రోజులో మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడూ తిరిగాను. అదీ వేరే దేశం అమ్మాయిని వెంటబెట్టుకుని. ఈ పేజీ మా ఆడబిడ్డ శ్రావణి నాకు ఫోన్లో పెట్టి ఇచ్చింది. ఇలా తిరగాలనుకునేవాళ్లకు బస్సులూ వేళలూ పనికొస్తాయని రాస్తున్నాను. మిగతాది ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఉండలేక రాస్తున్నాను.

శ్రావణి హైదరాబాద్‌లో వ్యవసాయం చదువుతోంది. హాస్టల్ గదిలో ఆమెతో పాటు ఉండే అమ్మాయి పేరు నీమా. టాంజానియా నుంచి ఒక్క సెమిస్టర్ కోసం వచ్చింది, వరి మీద చదువు. శ్రావణి ఆదివారం సాయంత్రాలు నాకు వీడియో కాల్ చేసేది. పక్కనుంచి నీమా తొంగిచూసి ఒక్కో తెలుగు మాట అడిగేది. అలా మొదలై, ప్రతి ఆదివారం ఇరవై నిమిషాలు నేను చెప్పడం, ఆమె రాసుకోవడం అయింది. నేను ఏడో తరగతి దాకానే చదివాను. ఆ అమ్మాయి మాత్రం నన్ను టీచర్ అని పిలిచేది. ఆ పిలుపు వినడానికి ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని.

పరీక్షలు అయిపోయాయి, ఇంకో వారంలో విమానం. ఈలోగా ఒక రోజు హైదరాబాద్ వదిలి, నేను పాఠాల్లో చెప్పిన ఊళ్లు చూడాలని నీమా అడిగింది. మిర్యాలగూడలో రైస్ మిల్లులు, సూర్యాపేట మార్కెట్, కోదాడలో టీచర్ చదువుకున్న బడి. శ్రావణి వెంట రావాల్సింది, ముందురోజు జ్వరం పట్టుకుంది. నన్నే తిప్పమంది. మా అత్తమ్మ ఆ అమ్మాయిని ఇంటికి తీసుకురావద్దని అంతకుముందే చెప్పింది, నలుగురూ నాలుగు మాటలంటారని. అందుకని కోదాడ అక్క దగ్గరికి వెళ్తున్నానని అత్తమ్మతో చెప్పి బయల్దేరాను. ఇంట్లో నిజం మా ఆయనకు ఒక్కడికే తెలుసు.

నేరేడుచర్లలో ఏడున్నర బస్సెక్కితే ముప్పావు గంటలో మిర్యాలగూడ. నీమా రైలు తొమ్మిది దాటాక వచ్చింది. పసుపు రంగు కుర్తా, సన్నటి జడలన్నీ వెనక్కి కట్టుకుని, రైలు దిగగానే "టీచర్" అని చెయ్యి ఊపింది. ప్లాట్‌ఫాం మీద వాళ్లందరూ ఆమెను చూసి, తర్వాత నన్ను చూశారు. నాకు చెమట పట్టింది. ఎండకు అనుకున్నాను.

స్టేషన్ నుంచి బైపాస్ వైపు మిల్లుల దాకా ఆటోకు ఎనభై ఇచ్చాం. ముందుగా చెప్పుకోకుండా లోపలికి పంపరు, అది నాకు తెలియదు. గేటు దగ్గర కాపలా పెద్దాయన అడ్డంగా నిలబడ్డాడు. నీమా నమస్తే పెట్టి, "పెద్దయ్యా, ఇయ్యాల ఏం వడ్లు?" అని అడిగింది. ఆయన గబగబా కుర్చీ తెచ్చి గేటు నీడలో వేశాడు. "ఈమెకు తెలుగెవరు నేర్పిన్రు?" అని నన్నే అడిగాడు. నేనని చెప్పడానికి సిగ్గేసి నవ్వాను. నీమానే చెప్పింది, మా టీచర్ అని. వడ్లు ఉడకబెట్టే వాసన గాలిలో వస్తుంటే అరగంట అక్కడే నిలబడి లారీలు చూశాం. ఆ రోజు నేను గర్వపడింది ఆ అరగంటే.

పదిన్నరకు సూర్యాపేట ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మన ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. నీమాకు ఆధార్ లేదు, ఎనభై దాకా అయింది. కండక్టర్ ఆమె పాస్‌పోర్టు చూసి, "ఇది మా మిషిన్ల ఎక్కదమ్మా" అని నవ్వాడు, బస్సంతా నవ్వింది. నీమా కూడా నవ్వింది. ముందు సీటులో ఒకావిడ మెడ తిప్పి ఆమె జుట్టును, చేతులను చూస్తూనే ఉంది, తర్వాత పక్కావిడ చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ నన్ను చూశారు. నేను కిటికీ వైపున్న నీమా నుంచి జానెడు ఇవతలికి జరిగాను. ఒక కాలు నడవలో పెట్టి కూర్చున్నాను. ఆమె చూసిందో లేదో తెలియదు. సూర్యాపేటలో దిగాక కూడా నేను నాలుగడుగులు ముందే నడిచాను, దారి చూపిస్తున్నట్టు.

మార్కెట్ యార్డుకు పోవాలనుకునేవాళ్లు పొద్దున్నే వెళ్లండి. మేం వెళ్లేసరికి పన్నెండు. అప్పటికీ వడ్ల కుప్పలు నడుం ఎత్తున వరుసగా ఉన్నాయి. చాటలతో తూర్పార పట్టే ఆడవాళ్లు కొంగులు మూతులకు కట్టుకుని పనిచేస్తున్నారు. నీమా దోసిట్లోకి వడ్లు తీసుకుని ఒక గింజ పళ్ల మధ్య కొరికి, తేమ ఇంకా ఉందని చెప్పింది. ఒక పెద్దామె పడిపడి నవ్వి, "ఈ పిల్లను మా సేటు కాడ పెడితే తేమ సూసే మిషిన్ పనే లేదు" అంది. నీమా చేతికి చాట ఇచ్చింది. మూడు విసుర్లకే వడ్లన్నీ కిందపోతే మళ్లీ లాక్కుంది. వాళ్లెవరికీ ఆమె పక్కన నిలబడడానికి మొహమాటం లేదు. నేను కుప్పకు అవతల నిలబడి ఫోన్ చూసుకుంటున్నాను.

ఒంటిగంటన్నరకు బస్టాండు దగ్గరి మెస్సులో భోజనం చేశాం. మనిషికి వంద, ఇస్తరాకులో వడ్డిస్తారు, పప్పు బాగుంది. నీమాకు అప్పడాలంటే ఇష్టం. నా అప్పడం తీసి ఆమె ఆకులో వేశాను. చేతులు కడుక్కుని బయట నీడలోకి వచ్చామో లేదో, వెనక నుంచి నా పేరు వినబడింది.

మా అత్తమ్మ వాళ్ల అక్క, సూర్యాపేటలోనే ఉంటుంది. నేను పెద్దత్తమ్మ అంటాను. నెలాఖరున వాళ్ల అబ్బాయి పెళ్లి. చేతిసంచిలో కుంకుమ భరిణె, వెంట తోడికోడలు, బొట్టు పెట్టి పిలవడానికి ఇళ్లిళ్లూ తిరుగుతూ తినడానికి వచ్చారు. మా అత్తమ్మతో పొద్దున్నే ఫోన్ మాట్లాడిందట.

"కోదాడ పోయినవన్నది మీ అత్త. నేరేడుచర్లల బస్సెక్కి కోదాడకు సూర్యాపేట మీదుగ పోతరా ఎవరన్నా? దారి మర్సినవా?" అంది.

నేను ఏదో గొణిగాను. ఆమె వినలేదు. ఎలాగూ రేపు మా ఇంటికి పిలుపుకు రావాలి, ఎదురుపడ్డాను కాబట్టి ఇక్కడే పెట్టేస్తానని భరిణె తీసి నా నుదుట కుంకుమ పెట్టింది.

ఈ బొట్టు సంగతి నేను నీమాకు ఒక ఆదివారమంతా చెప్పాను. బొట్టు పెట్టి పిలిస్తే తప్పకుండా వెళ్లాలని, పెట్టేటప్పుడు ఒకరికి పెట్టి పక్కన ఉన్న మనిషిని వదిలేయరని, వదిలేస్తే పరాయిదానివని మొహం మీద చెప్పినట్టని. నాకు ఎప్పుడైనా ఎవరైనా పెడతారా అని ఆమె అడిగితే, మా వైపు వస్తే ఎందుకు పెట్టరు అన్నాను. ఇప్పుడు నా పక్కన నీమా, నుదుటి మీదికి జారిన జడలు చేత్తో వెనక్కి తీసి పట్టుకుని, తల కొంచెం వంచి నిలబడింది.

పెద్దత్తమ్మ వేలు కుంకుమలో ముంచి ఆగింది. "గామె నీతోటి వచ్చిందా? మనోళ్లయితే గామెకు గూడ పెడ్త" అంది.

"కాదు పెద్దత్తమ్మా. ఎవరో, నాకు తెల్వదు. బస్సుల పక్క సీట్ల కూసున్నది, అంతే."

నేనే అన్నాను. అత్తమ్మకు తెలుస్తుందన్న భయం ఉంది, నిజమే. అదొక్కటే కాదు. పొద్దుటి నుంచి జనం ఆమెను చూసిన ప్రతిసారీ, ఆమె నాతో లేకపోతే బాగుండునని నాకు అనిపిస్తూనే ఉంది. పెద్దత్తమ్మ నన్ను ఒక క్షణం చూసి, వేలు భరిణె అంచుకు తుడిచి మూత పెట్టింది. పెళ్లికి రెండు రోజులు ముందే రమ్మని లోపలికి వెళ్లిపోయింది. ఎవరో, తెల్వదు, పక్క సీటు. అన్నీ నేను నేర్పిన మాటలే. నీమా చెయ్యి దించింది. జడలు మళ్లీ నుదుటి మీద పడ్డాయి.

మూడింటికి కోదాడ బస్సు, గంటకు పైగా పట్టింది, నీమాకు డెబ్బై. సీట్లు చాలా ఖాళీ. ఈసారి నేను ఆమెకు ఆనుకుని కూర్చున్నాను. ఆమె హైవే మీద లారీలు చూస్తూ ఉంది. దిగేదాకా ఒక్కసారి కూడా టీచర్ అనలేదు.

బడి బస్టాండుకు పది నిమిషాల నడక. వేసవి సెలవులు, గేటుకు తాళం. కమ్మీల్లోంచి నేను కూర్చున్న గది కిటికీ కనబడుతుంది. "ఇక్కడే చదివారా?" అంది నీమా, వచ్చాం కాబట్టి అడగాలన్నట్టు. నేను తల ఊపాను. అక్కడ నిలబడడం నా వల్ల కాలేదు. ఫోన్ తీసి పెద్దత్తమ్మకు కలిపాను. ఆమెకు నా అంతట నేను ఫోన్ చేయడం అదే మొదటిసారి.

"పెద్దత్తమ్మా, గామె నాతోనే వచ్చింది. శ్రావణి దోస్తు. నా దగ్గర తెలుగు నేర్సుకున్నది. నేను అబద్ధం సెప్పిన."

పెద్దత్తమ్మ మెల్లగా అంది, "నాకు తెల్వదనుకున్నవా? నీ ఇస్తార్ల అప్పడం తీసి గామె ఇస్తార్ల ఏస్తివి. దర్వాజ కాడ నిలవడి నేను సూస్తనే ఉన్న. నీ నోటితోటి సెప్తవేమోనని అడిగిన."

మీ అత్తకు నేను చెప్పను, నువ్వే చెప్పుకో అంది. ఆ పిల్లను ఉత్త నొసలుతో పంపొద్దని, కుంకుమ కొని నేనే పెట్టి తన పేరు మీద పెళ్లికి పిలవమని చెప్పి ఫోన్ పెట్టేసింది.

నీమా అంతా విన్నది. "ఆమెకు చెప్పారు, మంచిది" అంది. "నాకు ఇంకా చెప్పలేదు."

తప్పయింది నీమా, అన్నాను. ఇంకా ఏదో చెప్పబోతే ఆమె గేటు కమ్మీ పట్టుకుని, మాటలు వెతుక్కుంటూ చెప్పింది. "బస్సులో నా పక్కన సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. అలవాటు. ఈ రోజు ఖాళీగా లేదు అనుకున్నాను."

బస్టాండు దాకా ఈసారి ఆమె పక్కనే నడిచాను.

అయిదున్నరకు బస్టాండుకు వచ్చాం. విజయవాడ నుంచి వచ్చే బస్సులు ఇక్కడ ఆగి హైదరాబాద్ పోతాయి. ఎంతసేపు ఆగుతుందని టీ కొట్టాయనను అడిగితే, "రెండు మూడు నిమిషాలమ్మా, అంతకంటే ఆగదు. ఇంకో పావుగంటలో ఒకటుంటుంది" అన్నాడు. నీమాను బెంచీ మీద కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని రోడ్డు దాటి గాజుల దుకాణానికి వెళ్లాను. నాకంటే ముందు ముగ్గురు ఆడవాళ్లు పెళ్లి గాజులు బేరం చేస్తున్నారు. దుకాణామె ఒక్కో డజను విప్పి చూపిస్తోంది. నాకు కావలసింది పది రూపాయల కుంకుమ పొట్లం. జర నాకు ముందు ఇవ్వమ్మా, బస్సుంది అంటే ఇచ్చేదే. నేను నోరు తెరవలేక వెనక నిలబడ్డాను. ఎప్పుడూ అలాగే నిలబడతాను.

పొట్లం తీసుకుని రోడ్డు మధ్యకు వచ్చేసరికి హైదరాబాద్ బస్సు గేటు బయటికి వస్తోంది. పసుపు కుర్తా రెండో కిటికీలో కనబడింది. ఆమె నన్ను చూసి చెయ్యి ఎత్తింది, నేను పొట్లం పట్టుకున్న చెయ్యి ఎత్తాను. మధ్యలోకి లారీ వచ్చింది, అది దాటేసరికి బస్సు హైవే ఎక్కేసింది.

హుజూర్‌నగర్ మీదుగా నేరేడుచర్ల బస్సులో వస్తుంటే ఫోన్లో నీమా తన గొంతు రికార్డు చేసి పంపింది. "టీచర్, సీటు దొరికింది. మీరు వస్తారని చూశాను, డ్రైవర్ ఆగలేదు. పోయొస్త." మళ్లీ టీచర్ అన్నందుకు సంతోషం కలగాలి. నాకు సిగ్గే ఎక్కువైంది, కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఇంటికి వచ్చాక అత్తమ్మకు అంతా చెప్పాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు మామూలుగానే కూరగాయలు కోయమంది. ఇంతేనా, దీనికేనా అంత భయపడ్డాను అనిపించింది. నీమా వాళ్ల దేశం వెళ్లిపోయింది. పెళ్లిలో పెద్దత్తమ్మ నన్నేమీ అడగలేదు, నా వెనక ఎవరైనా ఉన్నారా అని మాత్రం ఒకసారి చూసింది. కుంకుమ పొట్లం విప్పలేదు, నా చేతిసంచిలోనే ఉంది. నన్ను టీచర్ అన్న ఒకే ఒక్క మనిషిని నేను ఎవరో అన్నాను. దాన్ని ఎలా రాసినా తగ్గడం లేదు.

మీరు ఈ దారిన వెళ్తే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కోదాడలో హైదరాబాద్ బస్సు రెండు మూడు నిమిషాలే ఆగుతుంది. మీరు సాగనంపే మనిషికి ఇవ్వాల్సింది ఏమన్నా ఉంటే బస్టాండుకు రాకముందే ఇచ్చేయండి.