ప్రశ్న కింద జవాబు

మొన్న మా కోడలు చీరల దుకాణం మెయిలుకు జవాబు రాస్తూ, కింద వేలాడే వాళ్ళ పాత మాటలన్నీ చెత్తగా ఉన్నాయని తుడిచేయబోతే చేయి పట్టుకుని ఆపాను. నేనూ ఒకప్పుడు అలాగే తుడిచినదాన్నే, కాకపోతే మర్యాద కోసం.

మా తరం ఆడవాళ్ళలో చాలామందిలాగే నాకూ చిన్నప్పుడు బడి లేదు. నలభై ఐదేళ్ళు దాటాక మా అమ్మాయి మగ్గం పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించి, ఫోనులో తెలుగు రాయడం కూడా నేర్పి అత్తగారింటికి వెళ్ళింది. ఆ వేసవిలో ధర్మవరంలోని మా ఇంట్లో మగ్గం రెండు నెలలుగా ఖాళీగా ఉంది. ఆర్డరు రాకపోతే బెంగళూరులో కాపలా పనికి పోవాలని మా ఆయన నిశ్చయించుకున్నారు. అప్పుడే హైదరాబాదు నుంచి ఒక దుకాణం ఆవిడ మెయిలు పంపింది: అంచు ఎరుపు వేయగలరా, చెంగు మీద ఏనుగులు నేయగలరా, శ్రావణానికి ఆరు చీరలు ఇవ్వగలరా, అందరూ బాగున్నారా అని. నేను ఆమె మాటలన్నీ తుడిచి, "అయితాది. కాదు. అయితాది" అని మాత్రం రాసి పంపాను.

మర్నాడు ఆమె ఫోను చేసింది.

"ఏది అవుతుంది, ఏది కాదండీ? పదిమందికి రాశాను, మిమ్మల్నేమడిగానో నాకే గుర్తులేదు. వేరేవాళ్ళకు ఇచ్చేద్దామనుకున్నాను."

"మీ మాట మీకే తిప్పి పంపితే కొళాయికాడ కొట్లాటకు వచ్చినట్టుంటాదని తుడిచేసినానమ్మా."

ఆమె చాలాసేపు నవ్వి, తన ప్రశ్నను అలాగే ఉంచి దాని కిందే జవాబు రాయమంది. ఆ మధ్యాహ్నమంతా మా ఆయన, అత్తమ్మ చెరోవైపు కూర్చుని చెబుతుంటే ఒక్కొక్క ప్రశ్న కిందా రాశాను. "అందరూ బాగున్నారా" దగ్గరికి వచ్చేసరికి మా ఆయన అడ్డుపడ్డారు.

"అది ఊరికే అడిగినారు లేవే. దానికీ జవాబా?"

"అడిగినారు గదా, చెప్పాల గదా."

దాని కింద అత్తమ్మ కీళ్ళనొప్పులు, అమ్మాయి కడుపుతో ఉన్న సంగతి, అన్నీ రాశాను. ఆరు చీరల ఆర్డరుతో పాటు, నా ప్రతి మాట కిందా ఆమె మాట తిరిగొచ్చింది. మా ఆయన ఎక్కడికీ పోలేదు.

ఆ దుకాణం ఇప్పుడు ఆమె కొడుకు చూసుకుంటున్నాడు. రంగు, అంచు, తేదీ, అంతే అడుగుతాడు. మంచివాడే, మగ్గానికి పని తప్పడం లేదు. పోయిన వారం మా ఊళ్ళో కడుపునిండా వాన పడింది. ఆ మాట రాద్దామని ఫోను తీశాను గానీ, ఏ ప్రశ్న కింద రాయాలో తెలియలేదు.