పుంగనూరు రేవులో నాకు కొరమీను ఎవరూ అమ్మలేదు

కుప్పంలో ఉన్న మా చెల్లెలికి ఇప్పుడు ఐదో నెల. నెలన్నరగా ఏం తిన్నా కడుపులో నిలవడం లేదు, రెండుసార్లు సెలైన్ కూడా ఎక్కించారు. మొన్న ఫోనులో ఏడుస్తూ "అక్కా, చెరువు కొరమీను పులుసైతే తింటానేమో" అంది. నేను ఉద్యోగం కోసం మదనపల్లెకు కొత్తగా వచ్చినదాన్ని. పక్కింటావిడను అడిగితే పుంగనూరు చెరువు రేవుకు పొమ్మంది. ఆదివారం పొద్దున్నే పల్లెవెలుగు ఎక్కాను. ఆడవాళ్ళకు టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ముప్పావుగంట ప్రయాణం.

రేవంటే ఓడలూ అవీ ఊహించుకోకండి. చెరువు కట్ట కింద రాళ్ళు పరిచిన చిన్న వాలు, అంతే. ఏడు దాటాక గుండ్రటి పుట్టి పడవలు మెల్లగా తిరుగుతూ ఒడ్డుకొస్తాయి. కట్ట మీద టీ కొట్టు, ఐసు అమ్మే ఆటో, ఆరేసిన వలలు. ఊళ్ళో సగం మంది చేతిసంచులతో అక్కడే ఉన్నారు. "ఈపొద్దు కొరమీన్లు బాగా పడినాయమ్మా" అని టీ కొట్టాయన చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

మొదటి పడవాయన్ని రేటు అడిగాను. "ఎవురికమ్మా?" అన్నాడు. మా చెల్లెలికి, ఐదో నెల అని చెప్పాను. అంతే, గంప మీద తడి గోనెసంచి కప్పేసి "ల్యాదు పోమ్మా" అన్నాడు. సంచి కింద చేపలు ఎగురుతుంటే లేదంటాడేమిటి! రెండో ఆయనా అంతే, చెల్లెలి మాట వినగానే మొహం తిప్పేశాడు. నాకు ఒళ్ళు మండింది. రెట్టింపు ఇస్తానన్నాను. ఆయన రెండు చెవులూ పట్టుకుని "అట్లాంటి మాటలు మాట్లాడద్దమ్మా, పిల్లోల్లు గలోన్ని" అన్నాడు. నేనేం తప్పుమాట అన్నానో అర్థం కాలేదు. నా కళ్ళముందే మిగతావాళ్ళు సంచులు నింపుకుని పోతున్నారు. వట్టి చేతులతో చెల్లెలి ముందు ఎలా నిలబడాలో తెలీక కళ్ళనీళ్ళొచ్చాయి.

కట్ట మీద చేపలు శుభ్రం చేస్తున్న ఎల్లమ్మ అనే ఆమె ఇదంతా చూసి నవ్వింది. "యాలమ్మా రేటు రేటు అని అరస్తాండావు? సూలాలికి సేప అమ్మినోడి వలకి మల్లా సేప పడదు, ఊరికే ఇయ్యాల్సిందే. నువ్వు బేరం ఆడినంతసేపూ ఎవురూ ఇయ్యరు. చున్నీ ముందుకి సాపి పట్టుకోని గమ్మున నిలబడు."

అడుక్కున్నట్టు ఉంటుందేమోనని సిగ్గేసింది. అయినా పట్టుకున్నాను. నన్ను పొమ్మన్న మొదటాయనే వచ్చి, నా మొహం చూడకుండా రెండు కొరమీన్లు చున్నీలో వేసి వెళ్ళిపోయాడు. థాంక్స్ అనబోతే ఎల్లమ్మ కసిరింది: "ఆ మాట గూడా అనద్దు!" తనే శుభ్రం చేసి, ఉప్పూ పసుపూ పట్టించి, నేను తెచ్చిన డబ్బాలో ఐసు వేసి సర్ది చెయ్యి చాపింది. "నాకు మాత్రం ఇరవై రూపాయలియ్యి. నాకు వలా ల్యాదు, సేపా ల్యాదు."

పుంగనూరు నుంచి పలమనేరు, అక్కడ బస్సు మారి వి.కోట మీదుగా కుప్పం. దాదాపు మూడు గంటలు పట్టింది. పులుసు నేనే పెట్టాను. చెల్లెలు మొదటి ముద్ద మింగాక మా మరిది చేతిలో బకెట్టు పట్టుకుని నిలబడ్డాడు, పాపం. అరగంట ఇద్దరం దాని మొహమే చూస్తూ కూర్చున్నాం. ఏమీ కాలేదు.

డబ్బిచ్చి కొనడం తప్ప ఇంకోలా తెచ్చుకోవడం నాకు తెలీదు. ఆ పేరు తెలీని మనిషికి ఏమిచ్చుకోవాలో ఇప్పటికీ తోచడం లేదు. ఎల్లమ్మ మాట నిజమో కాదో కూడా తెలీదు. అయినా ఆయన వల నిండాలని మాత్రం ఆ రోజు నుంచి కోరుకుంటున్నాను. మీరూ వెళ్తే ఏడింటికల్లా రేవులో ఉండండి, ఐసుకు ఒక డబ్బా తీసుకెళ్ళండి. చేప చూలాలి కోసమైతే ఆ సంగతి చెప్పి, రేటు అడక్కుండా చున్నీ పట్టండి. చున్నీ కాస్త పెద్దదే వేసుకోండి. ఆ రోజు మా చెల్లెలు కంచం నా ముందుకు జరిపి "ఇంకొంచెం పెట్టక్కా" అనేసరికి గిన్నెలో పులుసు అయిపోయింది.