పక్క పేజీలో మా తమ్ముడి మాట

మా తమ్ముడు పోయాడు. ఆ రోజు ఉదయం పాలు పొయ్యి మీద పెట్టాను, కొత్తపేట నుంచి మరదలు ఫోన్ చేసింది. "వదినగారూ, ఆయన లేవట్లేదండి" అంది. పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డాను. దించి, స్టవ్ కట్టేసి, అప్పుడు మా వారిని పిలిచాను. ఏడవలేదు. ఇవాళ్టి వరకూ ఏడవలేదు.

ఈ పత్రిక చదివే మీకు వాడు తెలుసు. ఏ పుస్తకం చదవవచ్చో, ఏ సినిమాకి ఇంటిల్లిపాదీ వెళ్ళవచ్చో, సెలవుల్లో పిల్లలతో కూర్చుని ఏ ఆట ఆడుకోవచ్చో నెలనెలా ఈ పేజీలో రాసింది వాడే. ఉద్యోగం హైస్కూల్లో లెక్కల మాస్టారు.

మా కోనసీమలో ఎవరి ముఖం మీదా బాగోలేదని అనం. కూరలో ఉప్పు లేకపోయినా "ఆయ్, బాగుందండి" అంటాం. మా తమ్ముడికి ఆ మాటకి నోరు తిరిగేది కాదు. అల్లవరంలో రిటైరైన మాస్టారొకాయన కథల పుస్తకం వేయించి, స్వయంగా ఇంటికి తెచ్చి ఇచ్చారు. వారం తర్వాత మళ్ళీ వచ్చి, ఎలా ఉందని అడిగారు.

"రెండు కథలు బాగున్నాయండి. మిగతావి తొందరపడి రాసేరు."

"ఊళ్ళో అందరూ బాగుందన్నారండి!"

"చదివేరాండి వాళ్ళు?"

ఆయన కాఫీ ముట్టుకోకుండా వెళ్ళిపోయారు. ఏడాదిపాటు వీడు ఎదురైతే పక్క వీధిలోకి తిరిగేవారు. రెండో పుస్తకం రాసినప్పుడు మాత్రం, అచ్చుకి ఇవ్వకముందే కాగితాలు పట్టుకుని వీడి దగ్గరికే వచ్చారు.

ఆటల పరీక్ష అమలాపురంలో మా ఇంట్లో జరిగేది. ఆదివారం ఆరాధన, భోజనాలు అయ్యాక కొత్త పెట్టె విప్పి బల్ల మీద పరిచేవాడు. ఇంటికి వచ్చిన బావమరిదిని ఓడించడం ఏం బాగుంటుందని, మా వారు మంచి ముక్కలు చేతిలోనే దాచుకుని ఓడిపోయేవారు. ఒకరోజు కనిపెట్టేశాడు.

"మర్యాదకి ఓడిపోతే ఆట ఎలా ఉందో నాకెలా తెలుస్తుంది బావగారూ? మళ్ళీ పంచండి."

"నిన్ను ఓడిస్తే మీ అక్క నాకు అన్నం పెట్టదోయ్."

మళ్ళీ పంచారు. ఈసారి మా వారు నిజంగా ఆడి గెలిచారు. ఆ నెల వాడు ఇలా రాశాడు: "ఈ ఆటలో బావగార్లు గెలుస్తారు. అయినా కొనవచ్చు."

సినిమాకి వెళితే తెర కంటే జనాన్నే ఎక్కువ చూసేవాడు. మధ్యలో లేచిన వాళ్ళ వెనకే బయటికి వెళ్ళి, "ఎందుకు లేచేరండి?" అని అడిగేవాడు. వాళ్ళేమో "బస్సుందండి" అనేవాళ్ళు. "బస్సు ఇంకో గంటకి కదండీ" అనేవాడు వీడు.

అంత కచ్చితంగా ఉండడం దేనికిరా అని ఒకసారి అడిగాను. "ఊరికే బాగుందనేస్తే, నిజంగా బాగున్నదాన్ని ఏమనాలి అక్కయ్యా?" అన్నాడు.

పోయిన ఏడాది నా ప్రార్థనలు పుస్తకంగా వేయించాను, సంఘంలో స్త్రీలు అడిగారని. మొదటి ప్రతి వాడికే ఇచ్చాను. ఎలా ఉందని అడగలేదు. వాడూ చెప్పలేదు. వచ్చినప్పుడల్లా ఆ ప్రశ్న నోటిదాకా వచ్చేది, మింగేసేదాన్ని. చాలామంది మెచ్చుకున్నారు. నాకు కావలసింది వాడి మాట ఒక్కటే. అది చెప్పకుండానే వెళ్ళిపోయాడనుకున్నాను.

జ్ఞాపకార్థ కూడిక అయిన మూడో రోజున ఈ పత్రిక ఎడిటర్ గారు ఇంటికి వచ్చారు. కాసేపు వాన గురించి మాట్లాడారు.

"అక్కగారూ, మాస్టారు పోయే ముందువారం ఒకటి రాసి పంపేరండి. మీ పుస్తకం మీదండి."

"ఇవ్వండి."

"అంటే... ఇప్పుడెందుకులెండి. పాతది ఏదైనా వేసేద్దామండి. లేదంటే చివరి పేరా తీసేసి..."

"ఇవ్వండి బాబూ" అన్నాను.

ఈ పుస్తకం మా అక్కయ్యది అని మొదటి వాక్యంలోనే చెప్పేశాడు. చాలా ప్రార్థనలు దేవుడి కంటే పక్కన కూర్చున్నవాళ్ళు వినాలని చేసినట్టున్నాయన్నాడు. మాటలు నిండుగా ఉన్నాయి, అడిగింది మాత్రం ఏమీ లేదన్నాడు. చివరి పేరా ఇది: "పదిహేడో ప్రార్థన నాలుగు లైన్లే. అమ్మ మీద నా కోపం తీసెయ్యి ప్రభువా, నా వల్ల కావడం లేదు అని అడిగింది మా అక్కయ్య. అది బాగుంది. మిగతా పుస్తకం పక్కన పెట్టి, అది చదవండి."

పదో తరగతితో నా చదువు మాన్పించి వాణ్ణి చదివించింది అమ్మ. ఆ సంగతి వాడూ నేనూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

నాకు కోపం రాలేదు. సంతోషమూ రాలేదు. "అది బాగుంది" అన్నచోట వేలు పెట్టుకుని కూర్చున్నాను. మా వారు టీ తెచ్చి పెట్టిన సంగతి తెలియలేదు.

"చివరి పేరా ఉండనివ్వండి. ఒక్క అక్షరం మార్చొద్దు" అన్నాను.

"ఆయ్" అన్నారు ఎడిటర్ గారు, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ.

పక్క పేజీలో మీరు చదవబోయేది అదే.

మొన్న ఆదివారం మరదలి ఇంట్లో అందరం కూడుకున్నాం. పెద్దదాన్నని నన్నే ప్రార్థన చేయమన్నారు. మొదలుపెట్టాను. అలవాటైన మాటలు వరసగా వచ్చేస్తున్నాయి. ఆపేశాను. ఏం అడగాలో తెలియలేదు. అందరూ తలలు వంచి, కళ్ళు మూసుకుని ఎదురుచూస్తున్నారు. పైన ఫ్యాను తిరుగుతోంది. మరదలు ఒక్క కన్ను తెరిచి నా వైపు చూసి, మళ్ళీ మూసుకుంది.