త్రిపురారం గట్టు బదనిక

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. ఇప్పుడు మీకు చెబుతున్నానంటే ధైర్యం వచ్చి కాదు. నిన్న ఒక ఫోన్ వచ్చింది.

నేను కోదాడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. బదనిక మీకు తెలిసే ఉంటుంది. చెట్ల కొమ్మలను పట్టుకుని, గాలిలోకి వేళ్లు వదిలి బతికే ఆర్కిడ్ మొక్క. కీళ్ల నొప్పులకు దాని ఆకు నూరి కట్టు కడతారు. చివ్వెంల, మిర్యాలగూడ, త్రిపురారం తిరిగి ఆకులు తెచ్చి, వాటి జన్యువుల్లో తేడా ఎంతుందో తేల్చాలి. తొమ్మిదేళ్ల కిందట అటవీ శాఖ నాకు అప్పగించిన పని అది. చివ్వెంలలో ఒక మామిడి చెట్టు దగ్గరే ఆగిపోయాను. ఎండ మాడ్చేస్తోంది. ఆ ఒక్క చెట్టు మీది బదనిక ఆకులే కోసి, కవర్ల మీద మూడు ఊళ్ల పేర్లు రాశాను. ఎక్కడిదైనా బదనిక బదనికే కదా అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? ఒక్కో చోటి మొక్కకు ఒక్కో గుణం ఉంటుందని, అది పోతే మళ్లీ రాదని, ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పేవాడిని నేనే కదా?

ఒకే తల్లి పిలకలు ఒకేలా కాక ఎలా ఉంటాయి? తేడా లేదని ఫలితం వచ్చింది. ఒక్కచోట కాపాడితే చాలని రాసి సంతకం పెట్టాను, ఆ చివ్వెంల పిలకలే కాలేజీలో పెంచాను.

ఐదేళ్ల తర్వాత త్రిపురారంలో కాలువ గట్టు వెడల్పు చేయడానికి పాత మామిళ్లు కొట్టేయబోతూ, వాటి మీది బదనికను దించి దాచాలా అని కాలువ అధికారులు నాకే ఫోన్ చేశారు. అక్కర్లేదన్నాను. దించితే ఎవరైనా మళ్లీ పరీక్ష చేస్తారేమోనని భయం. వారంలో చెట్లన్నీ నేలకూలాయి.

ఆ ఊళ్లో ఒక అవ్వ ఆ ఆకుతోనే అందరి మోకాళ్లకు కట్లు కట్టేది. కాలేజీలో బదనిక పెంచుతున్నారని విని, బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"మా గట్టు మీది బదనిక నీ కాడ ఉన్నదా సారూ?"

"ఉన్నదవ్వా. పైలంగున్నది."

"గట్లయితే ఒక్క పిలక ఇయ్యి. మా దాని పువ్వు మీద ముదురు మచ్చలుంటయ్. వేరే ఊళ్ల దానికి ఉండయ్."

కాలేజీలో పెంచుతున్న చివ్వెంల పిలక ఒకటి ఇచ్చాను. కొంగులో చుట్టుకుని, చల్లగుండు బిడ్డా అని వెళ్లిపోయింది. ఆ దీవెన నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

కాలేజీలోని మొక్కలు పూస్తున్నాయి గానీ కాయ పట్టడం లేదు. ఈ ఏడు వాటి మొదళ్లకు కుళ్లు మొదలైంది. అన్నీ ఒక్క తల్లివే, ఒకదానికి సోకితే మరొకటి తట్టుకోవడం లేదు.

నిన్న ఫోన్ చేసింది ఆ అవ్వే. వేపకు కట్టిన పిలక నాలుగేళ్లకు మొగ్గ తొడిగిందట, ఎల్లుండికి విచ్చుకుంటుందట, చూడటానికి రమ్మంది. మచ్చలు లేవేమని అడిగితే, చెట్టు మారితే పువ్వు మారుతుందని చెప్పొచ్చు. ఆ అబద్ధం అప్పుడే నోట్లో సిద్ధంగా ఉంది. అందుకే నా మీద నాకు భయమేసి ఇది రాస్తున్నాను. త్రిపురారం గట్టు బదనిక నా దగ్గర ఎన్నడూ లేదు. నాకు తెలిసి ఇంకెక్కడా లేదు.

ఈ రెండు ముక్కలు రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. అవ్వకు మాత్రం ఇంకా చెప్పలేదు.