టిక్కెట్లు పక్కింట్లో, ఓడ మద్రాసులో

నరసరావుపేటలో ముప్పై ఒక్క ఏళ్ళు పిల్లలకు భూగోళం చెప్పాను. నాలుగు వైపులా నీళ్ళున్న భూభాగాన్ని దీవి అంటారని ఎన్ని వందలసార్లు పలికానో నాకే తెలియదు. ఎనభై నాలుగులో నా వీడ్కోలు సభలో మా సైన్సు మాస్టారు మైకు పట్టుకుని, "దీవుల గురించి మా మిత్రుడు ఇంత చక్కగా చెబుతారు గదా, ఇంతవరకు ఒక్క దీవి మీదన్నా కాలు పెట్టారేమో అడగండి" అన్నాడు. సభంతా నవ్వింది. నేను చదువు చెప్పిన పిల్లలే ముందు వరసలో కూర్చుని నవ్వారు. ఆ మాస్టారు పసుపు రంగుకు తిరిగిన ఒకే నోట్సును ఇరవై ఏళ్ళు చదివి జీతం తీసుకున్న మనిషి. అయినా ఆయన అన్నది అబద్ధం కాదు. అందుకే ఒళ్ళు మండింది. అండమాన్ వెళ్ళి, అక్కడి నుంచి ఆయనకొక కార్డు రాయాలని ఆ రోజే అనుకున్నాను.

అనుకోవడం తేలిక. మద్రాసు నుంచి ఓడ ఎప్పుడు బయలుదేరుతుందో ఓడకే తెలియదన్నట్టు ఉంటుంది వ్యవహారం. షిప్పింగు ఆఫీసుకు మూడు ఉత్తరాలు రాస్తే ఒకదానికి జవాబు వచ్చింది. దరఖాస్తు, డ్రాఫ్టు పంపి నాలుగు నెలలు ఎదురుచూశాం. మూడు పగళ్ళు, మూడు రాత్రులు సముద్రం మీద ఉండాలి. అన్నిటికన్నా చవకైన బంకు క్లాసులో మనిషికి నూట ముప్పై చిల్లర అయింది. ఆఖరికి ఎనభై ఆరు ఫిబ్రవరిలో రెండు టిక్కెట్లు చేతికొచ్చాయి. ఓడ శుక్రవారం మధ్యాహ్నం. గురువారం సాయంత్రం అయిదు గంటల బస్సుకు చీరాల చేరితే, తొమ్మిదింటి మద్రాసు రైలు దొరుకుతుంది. మా ఆవిడ రాజ్యలక్ష్మి రెండు డబ్బాల చక్రాలు వండింది. కొత్త చెప్పులు కొనుక్కుని, వారం ముందు నుంచే ఇంట్లో వేసుకుని నడవడం మొదలుపెట్టింది.

బుధవారం సాయంత్రం ముప్పాళ్ళ నుంచి ఆమె తమ్ముడు పుల్లారావు దిగాడు. మిరపతోట తప్ప మరో లోకం తెలియని మనిషి. తెలియని లోకాలన్నిటికీ తీర్పులు చెబుతాడు.

"బావా, బేస్తారం నాడు దక్షిణానికి శూల. ఎవరన్నా మద్రాసు పోతారా? నువ్వు చదివింది చదువేనా?"

"గురువారం బయలుదేరకపోతే ఓడ నాకోసం ఆగదురా."

"ఓడ సంగతి నాకెందుకు? మా అక్కని మూడు రోజులు నీళ్ళ మీద తిప్పబోతున్నావు. ప్రస్థానం పెట్టు."

మా వైపు ఇదొక సర్దుబాటు. బయలుదేరే రోజు ఆ దిక్కుకు మంచిది కాకపోతే, ముందురోజే మంచి ఘడియ చూసి ప్రయాణపు సామాను ఒకటి పక్కింట్లో పెట్టి వస్తారు. దానితో ప్రయాణం మొదలైనట్టే. ఆ సామాను మళ్ళీ గడప దాటి ఇంట్లోకి రాకూడదు. వెళ్ళేటప్పుడు అటు నుంచి అటే తీసుకుపోవాలి. పోనీ పీడా వదులుతుందని సంచిలో ఒక తువ్వాలు పెట్టాను.

"వట్టి తువ్వాలు పెడితే ప్రస్థానం అవుద్దా? ఏది లేకపోతే పయనం ఆగిపోద్దో అది పెట్టాల" అన్నాడు పుల్లారావు.

నాకు సహనం నశించింది. రెండు ఓడ టిక్కెట్లూ తీసి అతని కళ్ళముందే సంచిలో పడేశాను. పక్కిల్లు లేతు షాపు నడిపే కాశింది. అతని భార్య బీబమ్మ సంచిని రెండు చేతులతో అందుకుని, "బీరువా మీద పెడతా అన్నయ్యా, పిల్లి కూడా ముట్టదు" అంది.

గురువారం తెల్లవారి చూస్తే కాశిం ఇంటికి తాళం. ఎదురు టీ కొట్టు నాగయ్య నింపాదిగా చెప్పాడు: "రాత్రి జీపొచ్చిందండీ. మాచర్లలో కాశిం కూతురికి నొప్పులంట. ఉన్నపళాన పోయారు."

సుత్తి తెమ్మన్నాను. మా ఆవిడ అడ్డం నిలబడింది. "పురిటికి పోయినోళ్ళ ఇంటి తాళం పగలగొడతారా? మడుసులేనా మనం? మాచర్ల పోయి చెవి తెచ్చుకుందాం పదండి."

"నువ్వెందుకు?"

"మీరొక్కరే పోతే ఎవరితోనో పోట్లాట పెట్టుకుని ఆడే ఉంటారు."

ఆరున్నరకు మాచర్ల బస్సు. ఛార్జీ తొమ్మిది రూపాయలు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీల పొడి అందరి తలలూ నెరిసేలా చేసింది. గురజాలలో డ్రైవరు టిఫినుకు దిగి ఇరవై నిమిషాలు కనిపించలేదు. ఈలోగా మా ఆవిడ బస్సందరికీ కథ చెప్పేసింది. కండక్టరు నా దగ్గరకు వచ్చి, "అండమాన్‌కి మాచర్ల మీదుగా పోతున్నారేంది మాస్టారూ, దగ్గర దోవా?" అన్నాడు. పదింటికి మాచర్ల చేరాం.

ఆసుపత్రి వరండాలో కాశిం మిఠాయి పొట్లంతో ఎదురొచ్చాడు. "మనవడు మాస్టారూ! మీకెట్టా తెలిసింది? ముందు నోరు తీపి చేసుకోండి."

"తాళంచెవి ఏదయ్యా?"

కాశిం జేబులు తడుముకున్నాడు. భార్యను కేకేసి అడిగాడు. అప్పుడు గుర్తొచ్చింది: జీపు తెచ్చింది, చివరికి తాళం వేసింది బీబమ్మ తమ్ముడు మస్తాను. విజయపురి సౌత్‌లో లాంచీ మెకానిక్కు. తమను ఇక్కడ దించి పొద్దున్నే డ్యూటీకి పోయాడన్నాడు. చెవి కూడా అతనితోనే పోయింది. బీబమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంటే మా ఆవిడ ఆమెను ఓదార్చి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, ముక్కు ఎవరిదో తేల్చేదాకా కదల్లేదు. ఒక బస్సు పోయింది.

విజయపురి సౌత్‌కు రెండున్నర రూపాయలు, ముప్పావుగంట. లాంచీ స్టేషను చేరేసరికి పన్నెండున్నర. కౌంటర్లో మనిషి తల ఎత్తకుండానే చెప్పాడు: "మస్తానా? పొద్దుటి లాంచీ నాగార్జునకొండ కాడ చెడిపోయింది, బాగుచేయను పోయాడు. ఒకటిన్నరకి ఇంకో లాంచీ ఉంది. టిక్కెట్టు తీసుకోండి."

"నేను కొండ చూడ్డానికి రాలేదు. తాళంచెవి కోసం వచ్చాను."

"దేనికి పోయినా టిక్కెట్టు ఒకటే సార్."

లాంచీ గంటసేపు నడిచింది. కొండ రేవులో ఆగిన పడవ ఇంజనులో సగం మనిషి దూరి ఉన్నాడు. అతనే మస్తాను. "చేతులు నూనె సార్. చొక్కా జేబులో ఉంది, మీరే తీసుకోండి" అన్నాడు. ముక్కూమొహం తెలియని మనిషి జేబులో చెయ్యి పెట్టి, నా ఓడ ప్రయాణాన్ని ఆపిన ఇనుప ముక్కను బయటికి తీశాను. రెండున్నర దాటింది. వెంటనే తిరుగుదామంటే లాంచీ నడిపేవాడు ఒప్పుకోలేదు. "నలభై మంది మ్యూజియంలో ఉన్నారు. వాళ్ళనొదిలేసి రమ్మంటారా? నాలుగింటికే. తొందరైతే ఈదుకుంటా పోండి."

నాలుగింటికి కదిలితే ఒడ్డుకు అయిదు, మాచర్ల ఆరున్నర, నరసరావుపేట పది. చీరాలలో మా రైలు తొమ్మిదింటికే పోతుంది. ఇక లెక్క వేయడానికేమీ మిగల్లేదు.

మా ఆవిడ ఈలోగా కొండంతా చుట్టి వచ్చింది. "ఇటూ నీళ్ళే, అటూ నీళ్ళే. వెనక కూడా చూసొచ్చా, నీళ్ళే. ఇది దీవి కాదా ఏంది?"

"ఇది ఆనకట్ట కట్టినప్పుడు లోయ మునగ్గా మిగిలిన కొండ."

"ఎట్టా మిగిలితే ఏంది? మీరు పిల్లకాయలకి చెప్పింది నాలుగు వైపులా నీళ్ళనే గదా?"

 ప్రతి ఏటా మా బడి పిల్లలను ఇక్కడికి తీసుకొచ్చేది ఆ సైన్సు మాస్టారే. నన్ను రమ్మన్నప్పుడల్లా, మనుషులు కట్టిన చెరువు చూడడానికి నేనెందుకని మొహం చాటేశాను. మైకు ముందు ఆయనకు ఆ ధైర్యం ఎక్కడిదో అక్కడ నిలబడ్డాక అర్థమైంది. ఎన్నోసార్లు దీవి చూసినవాడు చూడనివాణ్ణి చూసి నవ్వాడు, అంతే. ఈ సంగతి ఆయనకు కార్డు మాత్రం రాయను.

ఆ రాత్రికి మాచర్ల లాడ్జీలో ఉండి, శుక్రవారం మధ్యాహ్నం ఇల్లు చేరాం. మేం తెచ్చిన చెవితో కాశిం ఇల్లు తీస్తే, బీరువా మీద సంచి బీబమ్మ ఎలా పెట్టిందో అలాగే ఉంది. అదే సమయానికి మద్రాసులో ఓడ కదులుతూ ఉంటుంది. మా అరుగు మీద కూర్చున్న పుల్లారావు లేచి, "చూశావా బావా! బేస్తారం దక్షిణం వద్దని చెప్పానా?" అన్నాడు. నేను నోరు తెరవబోయాను.

"నోరు ముయ్యిరా" అంది మా ఆవిడ. "పెట్టమంది నువ్వు, పెట్టింది ఈయన. పోయింది నా ఓడ."

ఆమె కొత్త చెప్పులు గూట్లో పెట్టి లోపలికి వెళ్ళింది. పుల్లారావు మీద, సైన్సు మాస్టారి మీద, షిప్పింగు ఆఫీసు మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క మాట దగ్గర ఎటూ పోలేక ఆగిపోయింది. రెండేళ్ళుగా ఆ ప్రయాణాన్ని నేను ఎవరికో చెప్పుదెబ్బలాగా తయారు చేసుకున్నాను. అందులో రెండో టిక్కెట్టు ఒక మనిషిదని, ఆమెకూ సముద్రం మీద మూడు రోజుల ఆశ ఉందని ఎన్నడూ అడిగి తెలుసుకోలేదు. చదివిన పుస్తకాలు ఇలాంటి చోట అక్కరకు రావు. ఆ సాయంత్రమే కొత్త దరఖాస్తు రాశాను. యాత్రికుల పేర్లలో మొదట ఆమె పేరు వేశాను. ఆమె చదివి, అక్షరదోషం ఒకటి దిద్ది, తానే పోస్టు చేసి వచ్చింది.

దీవులకు వెళ్ళదలచిన వారికి నేను చెప్పగలిగింది ఒకటే: మీ ఇంట్లో ప్రస్థానం తప్పనిసరైతే సంచిలో తువ్వాలు పెట్టండి. టిక్కెట్లు మాత్రం, ఎవరెంత రెచ్చగొట్టినా, మీతో వచ్చే మనిషి చేతికివ్వండి.