మా మామగారి చూపుడువేలు

మా మామగారు ఎవరింటికి వెళ్ళినా ముందు పలకరించేది మనుషుల్ని కాదు, సింకుని. చెప్పులు విడిచి తిన్నగా వంటింట్లోకి నడిచి, సింకు కన్నంలో చూపుడువేలు పెట్టి తిప్పి, బొటనవేలితో రాసి చూసుకుని, అప్పుడు "అంతా కులాసానా?" అంటారు. పరామర్శకు వెళ్ళినా అంతే. ఆయన మునిసిపాలిటీలో డ్రైనేజీ సూపర్‌వైజరు.

నేను కాపురానికి వచ్చిన మర్నాడే నా పరువు ఆ వేలికి అంటుకుంది. "పెనం కాగితంతో తుడవకుండా కడిగావు కదమ్మా" అన్నారు. సింకులో పోసిన నూనె గొట్టంలో చల్లారి, పేరుకుని, రాయిలా ఎలా గట్టిపడుతుందో అరగంట చెప్పారు. ఆ అరగంటలో నేను ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు. ఊరంతా అదే వరస. అయినా ఆయన వీధి మలుపు తిరిగారంటే చాలు, ప్రతి ఇంట్లోనూ వాడిన నూనె ఆదరాబాదరాగా సీసాల్లోకి చేరేది.

బజారులో కొత్తగా హోటలు పెట్టినాయన మాత్రం ఎదురుతిరిగాడు. నా వంటింట్లో మీకేం పనంటూ గుమ్మంలోనే ఆపేశాడు. మూడు నెలలు తిరక్కుండా ఆ హోటలు ముందు మ్యాన్‌హోల్ పొంగింది. మురుగు మొదటి మెట్టెక్కి కూర్చుంది.

కొత్త ఇంజినీరు పొద్దున్నే వచ్చి, మనిషిని దింపి జిడ్డు తవ్వించమన్నాడు. డ్రైనేజీ పనివాళ్ళలో పాతవాడు, మేమంతా పెద్దన్న అని పిలిచే ఆయన, చొక్కా విప్పబోయాడు. మామగారు హోటల్లోంచి కుర్చీ లాక్కొచ్చి, చీలమండల లోతు మురుగులో, సరిగ్గా మూత మీద వేసుకుని కూర్చున్నారు.

"లోపల గ్యాసుంటుంది. మనిషి దిగడు. పక్క ఊరి యంత్రం సాయంత్రానికి వస్తుంది."

"అందాకా మురుగు రెండో మెట్టెక్కితే మాత్రం దింపాల్సిందేనండీ" అన్నాడు ఇంజినీరు.

"ఎక్కదు. నాదీ పూచీ."

కుర్చీలో పెద్దన్ననే కూర్చోబెట్టి, మామగారు నలభై గడపలు ఎక్కి దిగారు. సాయంత్రం దాకా సింకులో చుక్క నీరు పోయొద్దన్నారు. ఆయన్ని తిట్టిన నోళ్ళే సరేనన్నాయి. ఎంగిలి గిన్నెలు గుట్టలుపడ్డాయి, కడుగునీళ్ళు బకెట్లలో నిలిచాయి. నేనైతే బిందెలు కూడా వదల్లేదు. ఇంజినీరు గంటకోసారి మెట్లు చూసుకుని వెళ్ళాడు. మురుగు అంగుళం కదిలితే ఒట్టు.

సాయంత్రం యంత్రం వచ్చింది. జోరుగా నీళ్ళు కొట్టేసరికి దూడంత జిడ్డు ముద్ద ముక్కలై బయటపడింది. వీధి వీధంతా చప్పట్లు. హోటలాయన మామగారి చెయ్యి పట్టుకుని తానే వంటింట్లోకి తీసుకుపోయాడు.

అప్పుడు పెద్దన్న నాతో చెప్పాడు. ఇరవై ఏళ్ళ కిందట ఇలాగే జిడ్డు తవ్వడానికి తను ఇదే గోతిలో దిగి స్పృహ తప్పితే, మామగారే తాడు కట్టి పైకి లాగారట. సింకుల్లో వేలు పెట్టడం ఆ వారమే మొదలట.

"అప్పట్నుంచి నేను మళ్ళీ దిగలేదమ్మా" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఇంటికి రాగానే మామగారిని అడిగాను, ఈ సంగతి చెబితే ఊళ్ళో ఎవరూ మిమ్మల్ని తిట్టుకునేవారు కాదుగా అని.

"జాలిపడ్డవాళ్ళు వారంలో మర్చిపోతారమ్మా. తిట్టుకునేవాళ్ళు గిన్నె కడిగినప్పుడల్లా తలుచుకుంటారు" అన్నారు.

ఆ లెక్కన ఈ ఊళ్ళో ఆయన్ని నాకంటే ఎక్కువగా తలుచుకున్నవాళ్ళు లేరు.