పక్కింటి గోడ అదిరిన ఉదయాలు

మొన్న కోలారులో మా చెల్లెలి కూతురు నడిపే సైకిల్ శిక్షణ గదికి వెళ్ళాను. వరుసగా అమర్చిన యంత్రాలకు సైకిళ్ళు బిగించుకుని, పిల్లలు ఉన్నచోటనే ఉండి, ఎదుటి తెరపై కనిపించే కొండదారులను ఎక్కుతున్నారు. తెరలో దారి ఏటవాలైతే పెడల్ తనంతట తానే బరువెక్కుతుందట. అంతమంది అంత వేగంగా తొక్కుతున్నా ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరొకటి వినబడలేదు. ఇదే సాధన ఒకప్పుడు మా ఇంట్లో మొదలైననాడు ఎంత కల్లోలం రేగిందో తలచుకుంటూ నేను చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయాను.

అది కోలారు బంగారు గనులు మూతపడి కొన్నేళ్ళు గడిచిన తర్వాతి మాట. నాన్నగారు గని ఆఫీసులో గుమాస్తాగా ఉన్నందువల్ల గనుల కాలనీ అయిన కోరమండల్‌లో మాకు దక్కిన క్వార్టర్సులోనే నేనూ, చెల్లెలూ, ఆమె కూతురూ ఉండేవాళ్ళం. నేను హైస్కూలులో లెక్కలు చెప్పేదాన్ని. బడిలో వలెనే ఇంట్లో కూడా ఏ పని వేళకు ఆ పని జరిగి తీరాలన్నది నా నియమం. మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒకే గోడ. ఆ పక్కింట్లో, గని కార్మికుడికి భార్యగా బతుకంతా గడిపిన ఒక క్రైస్తవ వృద్ధురాలు కొడుకుతో ఉండేది. వీధిలో అందరికీ ఆమె అవ్వే.

మా పిల్లకు సైకిల్ పందాలంటే ప్రాణం. వర్షాకాలం ముగిశాక కోలారు పక్కన కొండదారి మీద ఎంపిక పోటీ జరుగుతుందనీ, అందులో నిలిచినవారికి క్రీడా హాస్టల్లో సీటు, చదువు, శిక్షణ లభిస్తాయనీ తెలిసింది. చదునైన దారిలో అది ఎవరికీ తీసిపోదు గాని, ఎత్తు వచ్చేసరికి కాళ్ళు బిగుసుకుపోయేవి. తెల్లవారకముందే రోడ్డెక్కి సాధన చేస్తున్న పిల్లను ఒకరోజు టమాటా మార్కెట్టుకు పరుగెత్తే వ్యాను రాసుకుంటూ పోయింది. మోచేయి చెక్కుకుపోయి, కుంటుతూ ఇల్లు చేరిన బిడ్డను చూసి చెల్లెలు ఇక రోడ్డు మాట ఎత్తవద్దన్నది. ఈ పోటీ పోతే కోలారు దగ్గరి నరసాపురం ఫ్యాక్టరీలో షిఫ్టు పనికి పంపుతానని కూడా తేల్చి చెప్పింది.

అప్పుడు బెంగళూరు నుంచి, ఎవరో వాడి వదిలేసిన ఇనుప స్టాండు ఒకటి ఇంటికి చేరింది. వెనుక చక్రాన్ని నేలకు తగలకుండా పట్టి, ఒక రోలరుకు ఆనించి, బిగువు పెంచుకుంటూ తొక్కడానికి అది ఉపకరిస్తుంది. ముందు చక్రం కింద ఇటుకలు పేర్చి మేము ఎత్తు కల్పించాం. మొదట ఒళ్ళు వేడెక్కేదాకా తేలికగా తొక్కడం, తర్వాత బరువైన గేరులో సీటు మీద నుంచి లేవకుండా నిదానంగా, కొండ ఎక్కుతున్నట్టే పెడల్‌ను అణచడం, కొంత విశ్రాంతి, ఆపైన తేలిక గేరులో కాళ్ళు కనబడనంత వేగం, మళ్ళీ విశ్రాంతి. ఈ క్రమం తప్పకుండా గడియారం పట్టుకుని నిలబడే బాధ్యత నాది.

మొదటి ఉదయం వేగం అందుకోగానే నేల గుర్రుమన్నది. అలమరలో గిన్నెలు గలగలలాడాయి. మరుక్షణం వీధిలో తలుపులు దబదబ తెరుచుకున్న చప్పుడు విని నేను బయటికి వచ్చేసరికి, ఇంటికొకరు చొప్పున అందరూ గుమ్మాల ముందు నిలబడి, గనుల వైపు చూస్తున్నారు. నైటీ మీద తువ్వాలు కప్పుకుని అవ్వ అప్పటికే సగం వీధి దాటింది.

"టీచరమ్మా, యా గనిలో పేలిందమ్మా? ఎవుర్ది షిఫ్టు?"

భూమి లోపల బండ ఒత్తిడికి పగిలినప్పుడు పైన ఇళ్ళు అదిరేవి. అదిరిన వెంటనే ఆడవాళ్ళు చేతిలో పని వదిలి గని గేటుకు పరుగెత్తేవారు. గనులు మూతపడినా ఆ పరుగు వాళ్ళ కాళ్ళలో ఉండిపోయింది. ఎదురింటాయన మా కిటికీలోంచి లోపలికి తొంగిచూసి, "ఏమీ పేల్లేదు పోండమ్మా, టీచరమ్మోళ్ళ పాప ఇంట్లోనే కొండెక్కతా ఉండాది!" అని ప్రకటించాడు. "ఇంట్లో కొండ యాడుందప్పా?" అని ఎవరో అడిగితే వీధంతా నవ్వింది. అవ్వ నవ్వలేదు. గనుల వైపే చూస్తూ నిలబడింది.

ఆ తర్వాత స్టాండు కింద గోనెసంచులు వేశాం, పాత పరుపు వేశాం, వెనుక గదికి మార్చాం. ఏది చేసినా అదురు గోడ దాటేది. బడి పని, చదువు, పవర్ కట్టు, వీటి నడుమ పిల్ల ఏ పూట వీలైతే ఆ పూట తొక్కేది. అవ్వ భోజనం సగంలో లేచి బయటికి వచ్చేది, నిద్రలోంచి ఉలిక్కిపడి లేచేది. చివరికి ఆమె కొడుకు మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"మీరు సదువుకున్నోళ్ళు, మీకు నేను చెప్పాల్నా? మాయమ్మ కూడు మానేసింది. ఆ మిషను మీరే తీస్తారా, నన్నే ఎత్తి పారేయమంటారా?"

తీసేస్తామని చెల్లెలు అతనికి మాటిచ్చేసింది. పిల్ల నా వైపు తిరిగి, "రోడ్డూ వద్దు, ఇల్లూ వద్దంటే ఇంగ యాడ తొక్కేది పెద్దమ్మా?" అన్నది. పోటీ దగ్గర పడుతోంది. నేను నేరుగా పక్కింటికి వెళ్ళాను.

అవ్వ నన్ను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, తన కొడుకు నోటిదురుసుకు తానే నొచ్చుకున్నది. "సద్దుకు కాదమ్మా నాకు బెదురు. ఆ కాలంలో బ్లాస్టింగు దినమూ అయ్యేది గదా, గిన్నెలు దొర్లినా నేను పొయ్యి కాడ్నించి లేసేదాన్ని కాదు. ఇది ఎప్పుడొస్తాదో తెల్దే!" అన్నది.

నాకు మా అమ్మ గుర్తుకు వచ్చింది. కార్మికులు షిఫ్టు దిగాక, బండను పగలగొట్టడానికి వేళకు జరిపే పేలుళ్ళకు అమ్మ పాలగిన్నె మీద చేయి ఆనించేది, అంతే. వేళ కాని వేళ అదిరితేనే ఆమె ముఖం పాలిపోయేది. అంటే ఈ ఇంటికి కావలసింది పరుపు కాదు, టైంటేబిలు. సాధనకు ఒకే వేళ నిర్ణయించాను. కరెంటు పోయినా, పరీక్షలున్నా అది మారకూడదు. మొదలుపెట్టే ముందు గోడ దగ్గర నిలబడి అవ్వకు చెప్పాలి, ముగిశాక మళ్ళీ చెప్పాలి. ఒక్క వారం గడువిమ్మని ఆమె కొడుకును ఒప్పించాను.

మర్నాడు పిల్ల గోడకు నోరు ఆనించి, "అవ్వా, బ్లాస్టింగు!" అని అరిచింది. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు. తొక్కడం మొదలుపెట్టింది. నేను వీధిలో నిలబడి పక్కింటి తలుపునే చూస్తున్నాను. నేల అదిరింది, కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది, గడియ కదిలింది. గడియ మళ్ళీ పడింది. తలుపు తెరుచుకోలేదు. నాలుగో రోజుకు గోడ అవతలి నుంచి జవాబు కూడా వచ్చింది: "కానీ పాపా, గట్టిగా కొట్టు!"

పోటీనాడు నేను కొండదారి చివరి మలుపు దగ్గర నిలబడ్డాను. మొదట వచ్చినవాళ్ళలో మా పిల్ల లేదు. తర్వాతి గుంపులోనూ లేదు. చెల్లెలు నా చేయి పట్టుకుని గోళ్ళు దిగేలా నొక్కుతోంది. అంతలో కింది మలుపులో అది కనిపించింది. సీటు మీద నుంచి లేవకుండా, బరువు గేరులో, ఇంట్లో ఇటుకల మీద తొక్కినట్టే నిదానంగా పెడల్‌ను అణచుకుంటూ, ఊపిరందక సైకిల్ దిగి నడుస్తున్నవారిని ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. ఎంపికైనవారిలో చివరి పేరు మా పిల్లదే. ఆ వార్త విన్న చెల్లెలు రోడ్డు పక్కనే కూలబడి ఏడ్చింది.

పిల్ల హాస్టలుకు వెళ్ళిపోయింది. కొంతకాలానికి అవ్వ కన్నుమూసింది. కొడుకు కూడా, ఊళ్ళోని చాలామంది వలె, పొద్దున్నే బెంగళూరు రైలెక్కే బతుకుకు విసిగి అక్కడికే మారిపోయాడు. పదవీ విరమణ తర్వాత నేనూ కోలారులో ఒక అపార్ట్‌మెంటుకు చేరుకున్నాను. ఇక్కడ అన్నీ క్రమంగానే జరుగుతాయి. ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు.

కిందటి నెల ఒక మధ్యాహ్నం ఎక్కడో రాతి క్వారీలో మందుగుండు పేల్చారు కాబోలు, కిటికీ అద్దాలు ఒక్కసారి అదిరాయి. చెప్పులు కూడా వేసుకోకుండా నేను వరండాలోకి వచ్చి నిలబడ్డాను. ఆ అంతస్తులో ఉన్న తలుపులన్నీ మూసే ఉన్నాయి. ఎవరింట్లో ఎవరున్నారో, ఎవరు ఏ షిఫ్టుకు వెళ్ళారో నాకూ తెలియదు. కాసేపు చూసి లోపలికి వచ్చేశాను.